వాలుజడ తల్లి లోయవైపు తిరిగిన కథ

మైదానంలో ఎండ మండిపోతున్న రోజుల్లో కూడా వాలుజడ కొండ మీద ఉన్ని శాలువా లేనిదే పొద్దు గడవదు. ఘాట్ రోడ్డు మొదలైన దగ్గర నుంచే గాలి మారుతుంది. మొదట చింత చెట్లు, ఆ తరువాత పనసలు, ఇంకా పైకి పోయాక సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లను పెనవేసుకున్న మిరియాల తీగలు కనిపిస్తాయి. వానలు వెనకపట్టాక వచ్చేవారికి వాలు పొలాల నిండా పసుపు ఆరబోసినట్టు వలిసె పూలుంటాయి. మలుపు తిరిగిన ప్రతిసారీ కింద ఒక కొత్త లోయ తెరుచుకుంటుంది. బస్సులో కిటికీ పక్క సీటు కోసం పెద్దవాళ్ళు సైతం పిల్లల్లా పోట్లాడుకునే దారి ఇది.

బస్సులు ఆగే చోటు నుంచి కాస్త నడిస్తే కొండ అంచున తల్లి గుడి ఉంది. గుడికి గోడలు లేవు. రాతి స్తంభాలు, వాటి మీద పెంకుల కప్పు, అంతే. తొలిసారి వచ్చిన యాత్రికులు చెప్పులు విడిచి, చేతులు జోడించి, కళ్ళు మూసి తెరిచి, తికమక పడతారు. ఎదురుగా కనిపించేది అమ్మవారి ముఖం కాదు, వీపు. మెడ దగ్గర మొదలై పీఠం దాకా దిగిన నల్లరాతి వాలుజడ, దాని నిండా కొండపూలు. ముఖమేమో లోయవైపు ఉంటుంది.

దొడ్డిదారిన వచ్చామేమోనని కొందరు గుడి చుట్టూ తిరిగి చూస్తారు. వాకిలి అదే, దారీ అదే. ఒకప్పుడు ఇక్కడ ఒక పొరపాటు జరిగిన మాట నిజం. అది ఎలా జరిగిందో, ఎందుకు దిద్దలేదో తెలిస్తే గాని ఈ దర్శనం రుచి తెలియదు. అందుకని, దూర ప్రయాణం చేసి వచ్చినవారు మెట్ల మీద కాసేపు కాళ్ళు చాపుకుని ఈ కథ చదివి లోపలికి వెళ్ళడం మంచిది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. కొండ మీద ఒక చిన్న గూడెం, కొండ కింద ఏటి ఒడ్డున రేవుపాలెం అనే ఊరు ఉండేవి. ఉప్పు, ఎండుచేప కిందనుంచి పైకి వచ్చేవి. పసుపు, పిప్పళ్ళు పైనుంచి కిందికి దిగేవి. సంతలో కలుసుకునే ఆ రెండు ఊళ్ళవాళ్ళు ఒకరినొకరు వరసలు పెట్టి పిలుచుకునేవారు. తల్లి అప్పట్లో రేవుపాలెంలో ఉండేది. ఆమెను ఏటిగట్టు తల్లి అనేవారు. చిన్న గుడి, అందులో వెనక గోడలోకి సగం పొదిగి కూర్చోబెట్టిన విగ్రహం. ఆ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ముందు ముందు దానితో పని ఉంది.

ఆ గుడిలో దీపం పెట్టే ఆమె పేరు అచ్చియ్యమ్మ. పసితనంలోనే కన్నతల్లి పోతే, మేనత్త ఈమెను గుడి అరుగు మీద పడుకోబెట్టి పొలం పనికి పోయేదట. అచ్చియ్యమ్మ మాటలు నేర్చింది ఆ విగ్రహం ముఖం చూసుకుంటూనే. పెళ్ళయినా, పిల్లలు పుట్టినా, ముసలితనం వచ్చినా ఆమె పొద్దు ఆ ముఖంతోనే మొదలయ్యేది. "అమ్మకు ఇవాళ మనసు బాగులేదు," అనేది ఒకనాడు. "నిన్నటి పాయసం నచ్చినట్టుంది, బుగ్గలు చూడండి," అనేది మరొకనాడు.

"రాతి మొహంలో నీకిన్ని రంగులెలా కనిపిస్తాయే?" అని ఇరుగుపొరుగు నవ్వేవారు.

"నీ మొహంలో కనిపించడం లేదూ, అలాగే!" అని ఆమె దీపం ఒత్తి సరిచేసుకునేది.

ఒక ఏడు ఏరు పొంగింది. గుడి కప్పు కొట్టుకుపోయింది, గోడ కూలింది. నీళ్ళు తీసేసరికి తల్లి, వీపుకు అంటుకున్న గోడ మట్టితో సహా, బురదలో పక్కకు ఒరిగి ఉంది. అచ్చియ్యమ్మ తన పైటచెంగుతో ఆ ముఖం తుడిచి, పక్కనే కూలబడిపోయింది. ఊరి పెద్ద సూరప్పనాయుడు ఏటి పోకడ చూసి, మళ్ళీ పొంగితే విగ్రహం దక్కదని తేల్చాడు. సంతకు వచ్చిన గూడెం వాళ్ళు ఆ మాట విని, "మా కొండకు ఏరు ఎక్కిరాదు గదా, తల్లిని మేం చూసుకుంటాం," అన్నారు. రేవుపాలెం ఒప్పుకుంది. ప్రతిష్ఠ జరిపించడానికి నాయుడు బయలుదేరాడు, తల్లి ఎక్కడుంటే తానూ అక్కడే అని అచ్చియ్యమ్మ కూడా బయలుదేరింది.

దెబ్బ తగలకుండా విగ్రహానికి చుట్టూ వరిగడ్డి కట్టి, పైన పసుపు గుడ్డ చుట్టి, ముఖం ఉన్న వైపు ముడి వేశారు. వెదురు బొంగులకు కట్టి మోశారు. అచ్చియ్యమ్మను డోలీలో కూర్చోబెట్టారు. డోలీ పక్కన నడుస్తూ వచ్చినది గూడెం మనిషి, పేరు బుద్రి. అచ్చియ్యమ్మ ఈడుదే గాని, కొండ ఎక్కుతున్నా ఆయాసమనేది లేదు. అచ్చియ్యమ్మను అప్పా, అంటే అక్కా, అని పిలిచేది.

అచ్చియ్యమ్మ అంతకు ముందు ఎన్నడూ కొండ ఎక్కలేదు. డోలీ ఒకసారి ఊగేసరికి కళ్ళు గట్టిగా మూసుకుంది. మళ్ళీ తెరవలేదు.

"అప్పా, కళ్ళు తెరు. అదిగో మీ ఏరు, ఎంత సన్నగుందో సూడు. మీ మీదికొచ్చి గుడి కూల్చింది ఇదేనా అనిపిస్తది," అంది బుద్రి.

"నోరు మూసుకుని నడువే. పట్టు తప్పితే నీదేం పోయింది, పోయేది నేను."

"నువ్వు పోతే నీ డోలీలో పెట్టిన మా ఉప్పు మూట కూడా పోతది గదప్పా, అందుకని పట్టుకునే ఉన్నాను."

బోయీలు నవ్వారు. అచ్చియ్యమ్మ నవ్వలేదు. జలపాతం దగ్గర తుంపర మీద పడితే "వానా?" అని అడిగింది. అడవి సంపెంగ వాసన వస్తే ముక్కు ఎగబీల్చింది గాని కళ్ళు తెరవలేదు. జలగ పట్టిందేమోనని కాళ్ళు తడుముకుంటూ, అమ్మ పేరు పలుకుతూ, అలాగే పైకి చేరింది.

పైన మంచు. పక్కనున్న మనిషి మాట వినబడుతోంది గాని మనిషి కనబడడం లేదు. ముహూర్తమేమో దగ్గరపడింది. తల్లి ముఖం గూడెంవైపు ఉండాలని ముందే అనుకున్నారు. ఆ మంచులో గూడెం ఎటున్నదో ఎవరికి తెలుస్తుంది? కొండవాళ్ళకు దీనికొక పద్ధతి ఉంది. మంచు కమ్మినప్పుడు వాళ్ళు కళ్ళను నమ్మరు, గెడ్డ చప్పుడును నమ్ముతారు. గెడ్డ అంటే కొండవాగు. అంచున పెద్దగెడ్డ లోయలోకి దూకుతుంది. దాని హోరు ఎటు వినిపిస్తే అటు లోయ, దానికి ఎదురుగా గూడెం. చిన్నపిల్లలు కూడా ఆ చప్పుడు పట్టుకునే ఇల్లు చేరతారు.

బుద్రి చెవి ఒగ్గి విన్నది. "గెడ్డ హోరు అమ్మ ఈపుకి ఉండేటట్టు పెట్టండి," అంది.

అలాగే పెట్టారు. పీఠం చుట్టూ సున్నం, బెల్లం, కరక్కాయ కలిపిన గచ్చు పోసి మెత్తారు. ఎండ పొడ తగిలినప్పుడే గుడ్డ విప్పాలని ఆచారం కాబట్టి ఎండ కోసం కాచుకుని కూర్చున్నారు. మంచు కొన్నాళ్ళు వదలలేదు. గచ్చు రాయి అయిపోయింది.

మంచు విడిన ఉదయం ముడి విప్పడానికి వెళ్ళినవాళ్ళకు ముడి కనిపించలేదు. అది అవతలి వైపు, లోయవైపు ఉంది. గుడ్డ లాగి గడ్డి తీస్తే, ఎండిన గోడ మట్టి పెళ్ళలుగా రాలి ఒక జడ బయటపడింది. ఇంతకాలం గోడలో పూడి ఉన్న వీపు అది. పాయలు, జడగంటలు, నాగరం, అన్నీ చెక్కిన ఆ జడ ఉన్నదని రేవుపాలెంలో పుట్టి పెరిగిన ఒక్కరికీ తెలియదు. ఆ క్షణంలో దాని అందం చూసే ఓపిక మాత్రం ఎవరికీ లేకపోయింది.

"దిక్కు చెప్పిందెవరు?" అన్నాడు సూరప్పనాయుడు.

"నానే, నాయుడా," అంది బుద్రి. ఆమె ముఖం పాలిపోయింది.

జరిగిందేమిటంటే, ముహూర్తానికి ముందు రాత్రి కురిసిన వానకు గూడెం వెనక చరియ తెగి, అక్కడొక కొత్త గెడ్డ పుట్టింది. దగ్గరది గనుక దాని హోరు ముందు పెద్దగెడ్డ చప్పుడు మునిగిపోయింది. బుద్రి విన్నది ఆ కొత్త గెడ్డను. అమ్మమ్మల నాటి నుంచి నమ్ముకున్న పద్ధతే ఆమెను తప్పుదారి పట్టించింది.

"తల్లి మనకు వీపు చూపించింది. ఇంకేం మిగిలింది?" అని నాయుడు తల పట్టుకున్నాడు. మనుషులు తాళ్ళు కట్టి తిప్పబోయారు. బలమైనవాళ్ళు మారి మారి లాగారు. తల్లి కదలలేదు. గచ్చు గట్టితనమని మగవాళ్ళు అన్నారు. అమ్మ పంతమని ఆడవాళ్ళు అన్నారు. అచ్చియ్యమ్మకు ఆ వాదన పట్టలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే, ఆ ముఖం. అది చూడకుండా పొద్దు ఎలా మొదలుపెట్టాలో ఆమెకు తెలియదు.

ఎవరూ చూడకుండా ఆమె పీఠం పక్కనుంచి అంచు మీదికి పాకింది. అక్కడ అప్పట్లో పట్టెడు చోటు కూడా లేదు. ఒక తీగ పట్టుకుని, కింద చూడకుండా, అడుగులో అడుగు వేసి ముందుకు వెళ్ళి నిలబడింది. పైట వెనక్కి లాగినట్టయితే తిరిగి చూసింది. పైటకొంగు బుద్రి గుప్పిట్లో ఉంది.

"సూసుకోయప్పా. నాను పట్టుకున్నాను," అంది బుద్రి మెల్లగా.

అచ్చియ్యమ్మ చూసింది. అదే ముఖం, అవే బుగ్గలు. కాని ఆ చూపు ఆమె మీద లేదు. ఆమె తల మీదుగా ఎటో దూరంగా పోతోంది. పుట్టి బుద్ధెరిగిన తరువాత అమ్మ తనను చూడకపోవడం అదే మొదలు. ఆమె వెనక్కి వచ్చి బుద్రి భుజం మీద పడి ఏడ్చింది. ఏడుపు ఆగాక నాయుడి దగ్గరికి వెళ్ళి, "తిప్పించు నాయుడా, ఎలాగైనా," అంది.

నాయుడు కిందనుంచి రాతిపని చేసే మనిషిని పిలిపించాడు. అతను పీఠం తట్టి చూసి, పీఠం పగలగొట్టక తప్పదని, పగలగొడితే విగ్రహం బీట వారదని మాత్రం మాటివ్వలేనని చెప్పాడు. నాయుడు అచ్చియ్యమ్మ వైపు తిరిగి, "ఇన్నేళ్ళు చేసినదానివి నువ్వు. నువ్వెలా అంటే అలా," అన్నాడు.

"ముఖం చూపించని తల్లిని పెట్టుకుని నేనేం చేసుకోను? పగలగొట్టండి."

"అప్పా, బీట పడితే?" అంది బుద్రి.

"పడితే నీ మూలానే."

బుద్రి వెనుదిరిగింది. ఇంటికి పోయి, పొయ్యిలో కట్టెలు ఎగదోసి, వెనకనే వచ్చిన అచ్చియ్యమ్మకు పీట వేసి, అల్లం వేసిన గంజి చేతిలో పెట్టింది. బయట రాతిపని మనిషి ఉలులు నూరుకుంటున్నాడు. గంజి వెచ్చదనానికో, ఏడ్చిన అలసటకో, అచ్చియ్యమ్మకు ఆ మధ్యాహ్నం పొయ్యి పక్కనే కునుకు పట్టింది.

కలలో తల్లి జడ కనిపించింది. జడ అటు తిరిగి ఉండగానే మాట వినిపించింది.

"ఒసే అచ్చియ్యా, కొంచెం పక్కకు జరుగే. అడ్డంగా ఉన్నావు."

"నీ వెనకాల ఉన్నాను గదమ్మా, అడ్డమెలా అవుతాను?"

"ఇప్పుడు కాదే. ఆ తీగ పట్టుకుని వచ్చి ఎదుట నిలబడ్డావు చూడు, అప్పటి సంగతి. అవతల ఏరు మెరుస్తోంది. సరిగ్గా దాని మీదే నీ తలకాయ."

అచ్చియ్యమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మా మీద అలిగి వీపు పెట్టావనుకున్నానమ్మా."

"అలగడమెందుకే? నన్ను గోడకు నొక్కి కూర్చోబెట్టిన నాటి నుంచి వచ్చినవాళ్ళ మొహాలే చూశాను. నాకు ఇష్టమే, కాదనను. కాని నాకింత జడ ఉందని ఒక్కరైనా ఎరుగుదురా? ఒక్కనాడైనా ఒక పువ్వు పెట్టారా? ఇన్నాళ్ళకు కొండ ఎక్కించారు. కొండ ఎక్కినవాళ్ళు ఏం చేస్తారు? నాలుగు దిక్కులూ చూస్తారు. నేనూ చూస్తున్నాను."

"మరి నా గతేమిటి? నీ మొహం చూడనిదే నాకు తెల్లవారదు."

తల్లి, "వచ్చేటప్పుడు నన్ను గడ్డిలో, గుడ్డలో చుట్టి తెచ్చారు గదా. దారి నేను చూడలేదు. నువ్వు పక్కనే డోలీలో ఉన్నావు, చూసి చెబుతావులే అనుకున్నాను. చెప్పవే, దారిలో ఏమేమి ఉన్నాయి?" అన్నది.

అచ్చియ్యమ్మ గుర్తు చేసుకోబోయింది. డోలీ కిర్రుమనడం, తన గుండె దడ, ఇంతే గుర్తుంది. "నేనూ చూడలేదమ్మా. కళ్ళు మూసుకున్నాను," అంది.

"అయ్యో పిచ్చిదానా. నాకంటే గుడ్డ కట్టారు, నీకేమైందే?"

అప్పుడే ఉలి దెబ్బ వినిపించింది. అచ్చియ్యమ్మ ఉలిక్కిపడి లేచి, కాళ్ళకు ఏం గుచ్చుకుంటున్నదో చూడకుండా పరుగెత్తింది. "ఆపండి! ఆపండి! అమ్మ చూస్తోంది, అమ్మను కదపకండి!" ఆమె అరుపుకు రాతిపని మనిషి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అప్పటికి పీఠం మూల ఒక పెచ్చు మాత్రం ఊడింది.

నాయుడు కల సంగతంతా విన్నాడు. "అంతా బాగానే ఉంది గాని అచ్చియ్యమ్మా, మరి దర్శనం? వచ్చినవాళ్ళు అమ్మను ఎక్కడ నిలబడి చూడాలి?" అన్నాడు.

"నాకూ తెలీదు. ముందు నాకు వేరే పని ఉంది," అని ఆమె బుద్రి చెయ్యి పట్టుకుంది. "పద చెల్లీ, నన్ను కిందికి తీసుకుపో. డోలీ వద్దు. మళ్ళీ నడిచి ఎక్కుతాను. అన్నీ చూపించు."

"చెల్లెలినయ్యానా? ఇందాకటిదాకా తప్పు దిక్కు చెప్పిన మనిషినేగా?"

"ఎత్తిపొడవడం తరువాత. ముందు నడు."

వాళ్ళిద్దరూ ఏరు తొలిసారి కనిపించే మలుపు, ఇప్పుడు అచ్చియ్యమ్మ మలుపు అనే చోటు, దాకా దిగి మళ్ళీ ఎక్కారు. అచ్చియ్యమ్మ బుద్రి చెయ్యి వదలలేదు, కళ్ళు మాత్రం తెరిచే ఉంచింది. ప్రతిదానికీ ఆగి పేరు అడిగింది. మైనం పూసినట్టు మెరిసే ఆకులు, చెట్టు మొదట్లోనే కాసిన పనసలు, రాతి మీద బొటనవేలంత కప్ప, వెదురు పొదల్లో ఏనుగు చెవులంత ఆకులు. మంచు లోయలోంచి లేచి చెట్టు చెట్టునూ తాకి పోవడం చూసి, "ఇది ఇంటింటికీ వచ్చి కూర దించారా అని అడిగే నా ఆడపడుచులా ఉందే," అంది. మర్చిపోకుండా ఒక్కొక్కటీ గొణుక్కుంటూ నడిచింది. దారిలో కోసిన అడవి సంపెంగలు ఒడిలో పోసుకుంది.

సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుండగా ఇద్దరూ పైకి చేరారు. అచ్చియ్యమ్మ ఆ సంపెంగలను రాతి జడ పాయల్లో తురిమింది. తరువాత పీఠం పక్కన, బుద్రి గట్టిగా ఉందని చూపించిన రాతి పలక మీద, తల్లి చూస్తున్న వైపే ముఖం పెట్టి కూర్చుంది. దారిలో చూసినదంతా చెప్పడం మొదలుపెట్టింది. కప్ప సంగతి చెప్పింది. ఆడపడుచు సంగతి చెప్పింది. ఏరు మెరిసేది ఎక్కడో తనకూ కనిపించిందని చెప్పింది.

చెబుతూ చెబుతూ ఒకసారి పక్కకు తిరిగింది. ఎదుట నుంచి చూసినన్నాళ్ళూ కనపడనిది అప్పుడు కనపడింది. తల్లి చెంప మీద, పెదవి చివర, ఒక చిన్న నొక్కు ఉంది. ఎవరైనా చెబుతుంటే వింటూ ముసిముసిగా నవ్వేవాళ్ళకు పడే నొక్కు.

"ఏటప్పా, ఆగిపోయావు?" అంది వెనకనుంచి బుద్రి.

"ఏమీ లేదు. వింటోందే," అంది అచ్చియ్యమ్మ. "నువ్వూ వచ్చి ఈ పక్కన కూర్చో. కప్ప రంగు నేను సరిగ్గా చెప్పలేకపోతున్నాను."

అచ్చియ్యమ్మ మళ్ళీ కింద కాపురం పెట్టలేదు. బుద్రి ఇంట్లోనే, ఇద్దరూ కీచులాడుకుంటూ, దీపం పెడుతూ, ఉన్నన్నాళ్ళు ఉన్నారు. ఆనాటి నుంచి ఏటిగట్టు తల్లి వాలుజడ తల్లి అయింది, కొండకూ అదే పేరు వచ్చింది. గూడెం వెనక దూకే కొత్త గెడ్డను మాయగెడ్డ అంటారు. యాత్రికులు స్నానాలు చేసి ఫొటోలు తీసుకునే జలపాతం అదే. దిక్కు తప్పించినందుకు దాని మీద ఇక్కడ ఎవరికీ కోపం లేదు.

నేటికీ ఈ గుడిలో పూజ చేసేది బుద్రి వంశపు ఆడవారే. దీపానికి నూనె మాత్రం ప్రతి యేడూ రేవుపాలెం నుంచే వస్తుంది. శుక్రవారం తల్లికి జడ అలంకారం. తల్లికి చీర కంటె పూలు ప్రీతి, అందులోనూ అడవి సంపెంగ. పీఠం మూల ఉలి దెబ్బకు ఊడిన చోటు అలాగే ఉంది. అక్కడి పసుపు తీసుకుని పిల్లల నుదుట పెడతారు.

దర్శన విధానం ఇది. ముందు తల్లి జడకు నమస్కరించి పువ్వు పెట్టాలి. తరువాత పక్కనున్న రాతి పలక మీద, తల్లితో పాటు లోయవైపు తిరిగి కూర్చోవాలి. దారిలో చూసిన వాటిలో ఏదైనా తల్లికి చెప్పాలి. ఆమె దారి చూడకుండా వచ్చినదని మరువకూడదు. కోరికలు ఆ తరువాతే. ఘాట్ మలుపులకు భయపడి కళ్ళు మూసుకుని వచ్చినవారిని, ఫోనులో మునిగి వచ్చినవారిని పూజారమ్మ ఏమీ అనదు. నవ్వి, "అచ్చియ్యమ్మ మలుపు దాకా పోయి రండి, గుడి ఎక్కడికీ పోదు," అని పంపుతుంది. వెళ్ళి వచ్చినవారు మాత్రం చాలాసేపు చెబుతారు.

మాటలు మానుకున్న అన్నదమ్ములు, కొత్తగా పెళ్ళయి కొండ చూడవచ్చిన జంటలు, కూతురి మీద అలిగిన తల్లులు ఆ పలక మీద పక్కపక్కన కూర్చుని లేస్తే వారి మధ్య మాట కలుస్తుందని ఇక్కడివారి నమ్మకం. కళ్ళ జబ్బులు ఉన్నవారు కూడా మొక్కుకుంటారు. తల్లి అందరినీ చల్లగా చూస్తుంది, దూరం నుంచి వచ్చేవారిని ముందుగా చూస్తుంది.

ఇప్పుడు అంచున ఇనుప కమ్మీలు కట్టారు, నిలబడేందుకు చోటు వచ్చింది. అమ్మ ముఖం చూద్దామని, లేదా లోయతో సెల్ఫీ దిగుదామని, రోజూ ఎవరో ఒకరు అక్కడికి వెళ్ళి ఎదుట నిలబడతారు. అప్పుడు పూజారమ్మ కోపం లేకుండా, ఇంట్లో మనిషితో అన్నట్టే అంటుంది: "కొంచెం పక్కకు జరగండమ్మా. అమ్మ చూస్తోంది."